నిన్నటి కర్ర

ఆ వేసవంతా నేను కోరుకున్నది ఒక్కటే, ఒక మనిషి చావు. పొద్దున్నే మొహం కడుక్కుంటూ కోరుకున్నాను, గిన్నెలు తోముతూ కోరుకున్నాను, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడుతూ కూడా కోరుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నిండా మునిగినదానికి చలేమిటి.

ఆ మనిషిని అందరూ గొడుగులాయన అనేవాళ్ళు. మా తీరంలో వరసగా నీలం గొడుగులు పాతి, వాటి వెనక పన్నెండు గదుల లాడ్జి కట్టినవాడు. తీరమంటే మరీ పెద్దదేం కాదు, రెండు రాతిగుట్టల మధ్య అరమైలు ఇసుక. రోడ్డు దిగి మట్టిబాటలో ముప్పావుగంట నడిస్తే గానీ రాదు. ఫోను పలకదు. ఈల వేసే కాపలావాళ్ళు లేరు, పడవ లేదు, ఎత్తు కుర్చీ మీద కూర్చుని చూసేవాడు లేడు. "ఎవ్వరూ లేని సముద్రం, మీ ఒక్కరి కోసం" అని లాడ్జి కాగితాల మీద అచ్చు వేయించాడాయన. ఎవ్వరూ లేరన్నది నిజమే. మునిగితే తీసేవాళ్ళు కూడా లేరన్నది మాత్రం వేయించలేదు.

ఉన్నదల్లా మా ఇల్లు. మా ఇంటి పని కర్రలు పాతడం.

సముద్రం కొత్తగా చూసేవాళ్ళకి ఒక భ్రమ ఉంటుంది. అల పెద్దగా విరిగేచోట భయపడతారు, అల లేనిచోట ధైర్యపడతారు. పిల్లల్ని చంకనేసుకుని మరీ వెతుక్కుంటూ వెళ్ళి ఆ నున్నటి నీళ్ళలోనే దిగుతారు. ఒడ్డెక్కిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి సరిగ్గా అదే. మేము దాన్ని ఏరు అంటాం. పైకి నిద్రపోతున్నట్టు ఉంటుంది, కింద నుంచి కాళ్ళు లాగేస్తుంది. పైగా అది ఒకచోట ఉండే రకం కాదు. ఇసుక జరిగితే అదీ జరుగుతుంది. అందుకని రోజూ తెల్లవారగానే గుట్టెక్కి చూడాలి. నురుగు ఎక్కడ వెనక్కి పోతోంది, నీళ్ళు ఎక్కడ మట్టిరంగు తిరిగాయి, అలల వరస ఎక్కడ తెగింది. చూసుకుని దిగి, ఏటికి అటొకటి ఇటొకటి ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతాలి. ఆ రెండింటి మధ్య ఎవరూ దిగకూడదు.

మా మామ పాతాడు. ఆయన పోయాక మా అత్త పాతింది. ఆమెకి నడుము పట్టేశాక మా ఆయన పాతాడు. ఇంట్లో సూత్రం ఒక్కటే, నిన్నటి కర్రను నమ్మకు. నిన్నటి అన్నం తినొచ్చు, నిన్నటి చొక్కా తొడుక్కోవచ్చు. కర్ర మాత్రం పొద్దున్నే పీకేసి, చూసి, మళ్ళీ పాతాల్సిందే. చోటు మారకపోయినా అంతే, పీకి అదే గుంటలో పాతాలి.

అంతకు ముందు సీజను చివరి వారంలో గొడుగులాయన లాడ్జికి కొత్త ఫోటోలు తీయించుకున్నాడు. ఎర్రగుడ్డలు ఫోటోలో బాగుండవని రెండు కర్రలూ పీకించి, పక్కనే ఉండే తాడుచుట్టతో సహా లాడ్జి వంటింటి వెనక పడేయించాడు. ఒక్క గంటలో పెట్టించేద్దామనుకున్నాడట. ఆ గంటలోనే ఒక ముసలి మాస్టారు నున్నటి నీళ్ళు చూసి ముచ్చటపడి దిగాడు. కేకలు విని మా ఆయన గుట్ట అవతల నుంచి పరిగెత్తుకొచ్చాడు, నేను వెనకాలే వచ్చాను. తాడు కోసం అటూ ఇటూ చూశాడు. లేదు. చొక్కా విప్పి నా మీద పడేసి ఉత్తచేతులతో దూకాడు. మాస్టారిని రాళ్ళ దాకా తోసుకొచ్చాడు. తను రాలేదు.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందు గొడుగులాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పోయినవాణ్ణి అనకూడదు గానీ సార్, కర్ర తప్పుచోట పాతాడు. నేను ఎన్నిసార్లు చెప్పానో," అన్నాడు.

అప్పటికి కర్రలు మళ్ళీ ఇసుకలో ఉన్నాయి, ఎక్కడో ఒకచోట. తాడు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు వంటింటి వెనక వాటిని కళ్ళారా చూశానని నేను చెప్పాను. మొగుడు పోయిన బాధలో ఏదో మాట్లాడుతోందని రాసుకోలేదు. లాడ్జి పనివాళ్ళు నోరెత్తలేదు, వాళ్ళ తిండి అక్కడ. ఫోటోలు తీసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. నీళ్ళు మింగిన మాస్టారికి కర్రలున్నాయో లేదో గుర్తే లేదు. కాగితం మీద "కర్ర తప్పుచోట" అనే పడింది. పదహారేళ్ళు ఒక్కరోజు తప్పకుండా గుట్టెక్కినవాడి గురించి ఆ ముక్క రాశారు.

వేసవి మొదలవబోతుండగా గొడుగులాయన మా వాకిట్లోకి వచ్చాడు. ఎండల గురించి మాట్లాడాడు, మా రేకుల కప్పు గురించి మాట్లాడాడు. అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు? అడగండి," అంది.

"అదే పెద్దమ్మా... కర్రలు లేవని తెలిసి జనం రావడానికి జంకుతున్నారు. మీ ఇంట్లో ఎవరైనా పాతితే..."

"పాతేవాణ్ణి మింగేశారుగా."

"అంతా విధి పెద్దమ్మా."

"విధికి ఫోటోల పిచ్చి ఉందని నాకు తెలీదు బాబూ."

ఆయన మొహం ఎర్రబడింది. వెళ్ళిపోయేవాడే. నేను గడపలోంచి, "నేను పాతుతానండీ," అన్నాను.

అత్త చెయ్యి చేటలో ఆగిపోయింది. ఆయన మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు.

"మంచిదానివమ్మా. పగలు పెట్టుకుంటే ఎవరికేం వస్తుంది చెప్పు?"

"ఏమొస్తుందండీ," అన్నాను.

ఆయన వాకిలి దాటాక అత్త అడిగింది. "ఎందుకొప్పుకున్నావే?"

"మనింటి పని కదా అత్తయ్యా."

"నా మొహం చూసి చెప్పు."

నేను గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళిపోయాను. విషయం ఏమిటంటే, గొడుగులాయనకి మోకాళ్ళ నొప్పులు. రోజూ పొద్దున్నే నడుములోతు సముద్రంలో అరగంట నిలబడమని ఏ వైద్యుడో చెప్పాడు. ఏళ్ళ తరబడి అదే పని. మూడో గొడుగు ఎదురుగా దిగుతాడు, ఎందుకంటే అక్కడ ఇసుక మెత్తన. సముద్రాన్ని ఆయన ఎన్నడూ చూడడు, కర్రల్ని చూస్తాడు. కర్ర మూడో గొడుగుకు దూరంగా ఉంటే దిగుతాడు, దగ్గరగా ఉంటే మానుకుని తిట్టుకుంటూ పోతాడు. ఏరు తిరుగుతూ తిరుగుతూ ఏదో ఒక రోజు మూడో గొడుగు ముందుకు రాకపోదు. ఆ రోజు కోసమే నేను ఒప్పుకున్నాను.

నాకు ఏరు చూడటం నేర్పింది అత్తే. పట్టేసిన నడుముతో గుట్టెక్కి నా పక్కన కూర్చునేది.

"ఎక్కడుంది?"

"అదిగో, అక్కడ."

"అది మేఘం నీడే. మళ్ళీ చూడు. తొందరపడకు. ఇరవై అలలు పోనిచ్చి చెప్పు."

పదిరోజుల్లో నాకు చూపు వచ్చింది. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకున్నా నీళ్ళ చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. అత్త మెచ్చుకోలేదు గానీ, ఒకరోజు దిగుతూ దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుకి నాలోని కుట్ర కొంచెం కదిలింది. అంతలో కింద గొడుగులాయన తువ్వాలు భుజాన వేసుకుని, ఈలపాట పాడుకుంటూ వచ్చాడు. మళ్ళీ సర్దుకుంది.

పగలంతా వచ్చినవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం కూడా నా పనే అయింది. ఆ వేసవి లాడ్జిలో నెలరోజులకి గది తీసుకున్న ఒక లావుపాటి టైలరమ్మ, ఆవిడ చెల్లెలు రోజూ నా దగ్గర చేరేవాళ్ళు.

"ఒంటరిగా దిగకండి. ఒకరు దిగితే ఒకరు ఒడ్డున ఉండి చూస్తుండాలి," అనేదాన్ని. "సముద్రానికి వీపు చూపించకండి. నిండా తిని దిగకండి, తాగి అసలే దిగకండి. ఏరు లాగిందా, ఒడ్డు వైపు ఈదకండి."

"ఒడ్డు వైపు కాకపోతే ఇంకెటు ఈదుతాం? మా అత్తారింటికా?" అంది టైలరమ్మ.

"పక్కకి. ఒడ్డు వెంబడి అడ్డంగా పోవాలి. ఏరు వెడల్పు ఇరవై ముప్ఫై అడుగులే ఉంటుంది. ఓపిక లేకపోతే ఊరికే వెల్లకిలా తేలి చెయ్యెత్తండి. దానికి ఎదురీదినవాళ్ళే పోతారు."

"అచ్చం మా ఆయన కోపం లాంటిదేనన్నమాట. ఎదురెళ్ళకూడదు, పక్కకి తప్పుకోవాలి," అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలన్నీ మా ఆయన చెప్పేవే. గొడుగులాయనకి మాత్రం ఏ ఒక్కరోజూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

వేసవి నడిమధ్యలో పున్నమి పోటు వచ్చింది. మూడురోజులు సముద్రం గొడుగుల దాకా వచ్చి కొట్టింది. ఎవరూ దిగలేదు. నాలుగోరోజు పొద్దున నీళ్ళు శాంతించాయి. గుట్టెక్కి చూశాను.

పోటుకు ముందు ఎడమవైపు రాళ్ళ దగ్గరున్న ఏరు అక్కడ లేదు. ఇసుక తిన్నె మొత్తం జరిగిపోయింది. నురుగంతా ఒకచోట పోగై తాపీగా లోపలికి పోతోంది. ఆ చోటు మూడో గొడుగుకు సరిగ్గా ఎదురు. ఇరవై అలలు పోనిచ్చాను, ఇంకో ఇరవై పోనిచ్చాను. సందేహం లేదు. పోటు వస్తుందని ముందే తెలిసి కర్రల్ని లోతుగా దిగగొట్టాను కాబట్టి అవి కొట్టుకుపోలేదు. పాతచోటే, ఎడమవైపు, ఎర్రగుడ్డలు ఎగరేసుకుంటూ నిలబడి ఉన్నాయి.

దిగి వెళ్ళి ఒక కర్ర మీద చెయ్యి వేశాను. తీసేశాను. వెళ్ళి తాడుచుట్ట పక్కన కూర్చున్నాను.

గొడుగులాయన వేళకే వచ్చాడు. మూడురోజులు నీళ్ళు లేక మోకాళ్ళు పట్టేసి కుంటుతున్నాడు.

"కర్రలు చూశావా అమ్మాయ్?"

"చూశానండీ."

"అక్కడేగా?"

"కనిపిస్తున్నాయి కదండీ."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన తువ్వాలు మడిచి గొడుగు కింద పెట్టాడు. చెప్పులు విడిచి పక్కపక్కన సర్దాడు. దిగాడు. చీలమండలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆ పొద్దున నాకు ఆకలి వేసింది, అది బాగా గుర్తు.

వెనక ఇసుకలో అడుగుల చప్పుడైంది. అత్త నాకు టీ పట్టుకొచ్చింది. నా పక్కన నిలబడి సముద్రం వైపు చూసింది. తర్వాత కర్రల వైపు చూసింది. గుట్టెక్కాల్సిన అవసరం ఆమెకి లేదు.

"అవి నిన్నటివి," అంది.

నేను టీ గ్లాసు అందుకోలేదు.

"వాడు చస్తే చావనీ. నేనేం ఏడవను. కానీ కర్ర తప్పుచోట ఉందని వాడన్నది అబద్ధం. నా కొడుకు మీద వేసిన అబద్ధం. ఇవాళ నువ్వు దాన్ని నిజం చేసి పెడుతున్నావు కదే, పిచ్చిదానా."

గట్టిగా అనలేదు. టీ గ్లాసు ఇసుకలో గుచ్చినట్టు పెట్టి, నడుము పట్టుకుని కర్రల దగ్గరికి నడిచింది. అప్పటికే టైలరమ్మ, చెల్లెలితో కలిసి తువ్వాళ్ళు వేసుకుని వస్తోంది. వాళ్ళు కూడా చూసేది కర్రల్నే. నెలరోజులుగా చూడమని చెప్పింది నేనే. ఆ సంగతి నాకు తట్టనే లేదు. పగబట్టిన కంటికి ఒక్క మనిషే కనిపిస్తాడు.

"ఆగండి! దిగొద్దు!" అని అత్త అరిచింది. ఊడబెరికిన కర్ర ఒక చేత్తో ఊపుతూ అడ్డం పరిగెత్తింది. ఆమె పరిగెత్తగా నేను చూడటం అదే మొదలు.

అదే వేళకి ఏరు గొడుగులాయన కాళ్ళు పట్టింది. ముందు ఆయనకి అర్థం కాలేదు. ఎవరో తోసినట్టు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఒడ్డు వైపు ఈదబోయాడు. రెండు చేతులా నీళ్ళు బాదుతున్నాడు, ఒడ్డు మాత్రం వెనక్కి పోతోంది. "తాడు! అమ్మాయ్, తాడు!" అని కేక వినిపించింది.

నేను లేచి నిలబడ్డాను. తాడుచుట్ట నా చేతిలోనే ఉంది. ఒక అల వచ్చి విరిగింది. మా ఆయన కూడా ఇక్కడే నిలబడి తాడు కోసం చూశాడు. రెండో అల. మూడో అల గొడుగులాయన తల మీదుగా పోయింది, మళ్ళీ తల తేలింది. నాలుగో అల కూడా విరిగాక పరిగెత్తాను.

తాడు విసరడంలో మా ఇంటి పద్ధతి ఒకటుంది. మనిషి వైపు విసరకూడదు, అంత దూరం ఎవరి చెయ్యీ విసరలేదు. తాడు చివర మూత బిగించిన ఖాళీ డబ్బా ఉంటుంది. దాన్ని ఏటి మొదట్లో వదిలెయ్యాలి. మనిషిని లాక్కుపోయిన ఏరే డబ్బాను కూడా మోసుకెళ్ళి అతని చేతికి ఇస్తుంది.

"ఈదకండి! వెల్లకిలా తేలండి!" అని అరిచాను. వేసవంతా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. డబ్బా ఊగుతూ ఊగుతూ వెళ్ళి ఆయన పక్కకి చేరింది. రెండు చేతులతో కావలించుకున్నాడు. నేను, టైలరమ్మ, చెల్లెలు, లాడ్జిలోంచి పరిగెత్తుకొచ్చిన ఇంకో నలుగురు పట్టి లాగాం.

ఇసుక మీద బోర్లాపడి కక్కాడు, దగ్గాడు, మళ్ళీ కక్కాడు. చుట్టూ జనం. ఊపిరి నిలిచాక ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

"కర్ర తప్పుచోట పాతింది! చూశారా? మొగుడూ ఇంతే, పెళ్ళామూ ఇంతే!"

అందరూ నా వైపు తిరిగారు. దూరంగా అత్త రెండో కర్రను కొత్తచోట దిగగొడుతోంది. ఆ చప్పుడు వినిపిస్తోంది. ఆమె చేతులు ఆగలేదు, నన్ను ఆదుకోవడానికి రాలేదు.

"అవును," అన్నాను. "ఇవాళ తప్పుచోటే ఉంది. ఏరు జరిగిందని చూసి కూడా నేనే మార్చలేదు. మిమ్మల్ని చంపుదామనుకున్నాను. ఇంతమంది ముందు చెబుతున్నాను, ఇన్‌స్పెక్టరు ముందు కూడా ఇదే చెబుతాను. నా సంగతి చెప్పేశాను, ఇక మీ సంగతి చెప్పండి. మా ఆయన పోయిన రోజు కర్రలు ఎక్కడున్నాయి?"

గొడుగులాయన నీళ్ళు నమిలాడు. అన్ని నీళ్ళు తాగాక కూడా ఇంకా నమలడానికి మిగిలాయి.

"తప్పుచోట ఉన్నాయా? ఏ చోట?" అన్నాను.

ఆయన డబ్బాను ఇంకా వదల్లేదు. పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకి అదుముకునే ఉన్నాడు. దాన్నీ, దానికి కట్టిన తాడునూ చూశాడు. మా ఆయన వెతుక్కున్న తాడు అది.

"వంటింటి వెనక," అన్నాడు. "ఫోటోల కోసం. ఒక్క గంటే కదా అనుకున్నాను."

"అంటే ఆ రోజు కర్రలు అసలు లేనేలేవా? తాడు కూడా లేదా?" అంది టైలరమ్మ.

ఆయన తలదించుకున్నాడు. ఎవరూ ఆయన్ని లేపలేదు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. టైలరమ్మ తన మాట తూచా తప్పకుండా చెప్పి సంతకం పెట్టింది. ఇంకో ఆరుగురు పెట్టారు. లాడ్జి వంటమనిషికి కూడా అప్పుడు నోరొచ్చింది. పాత కాగితం మీది ముక్క కొట్టేసి, కర్రలూ తాడూ యజమాని తీయించాడని, పోయిన వ్యక్తి తప్పేమీ లేదని కొత్తగా రాశారు. నా మీదా రాశారు. ఆ తర్వాత ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ, కోర్టు మెట్ల చుట్టూ తిరిగాను. అది వేరే కథ, ఆ పని చేసినందుకు పడాల్సిందే పడ్డాను. గొడుగులాయన ఆ నెలలోనే గొడుగులు మడిచేశాడు. మోకాళ్ళు ఏమయ్యాయో తెలీదు.

కొత్త కాగితం నకలు ఇంటికి తెచ్చిన రోజు అత్త నాచేత మూడుసార్లు చదివించుకుంది. "తప్పేమీ లేదు" అన్న చోటు వేలితో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత కాగితం మడిచి తన పెట్టెలో కొడుకు చొక్కా కింద పెట్టుకుంది. నాతో మాత్రం ముభావంగానే ఉంది.

గొడుగులాయన మునిగిన మర్నాటి నుంచే కర్రలు ఆమే పాతడం మొదలుపెట్టింది. నేను ముట్టుకోబోతే, "ఊఁ," అని చెయ్యి అడ్డం పెట్టింది. నడుము పట్టుకుని, మూలుగుతూ, గుట్టెక్కేది, దిగేది. గొడుగులు పోయినా ఎవరో ఒకరు ఆ బాట పట్టుకుని వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకి జాగ్రత్తలు చెప్పనిచ్చేది గానీ కర్ర మాత్రం ఇవ్వలేదు. నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

వేసవి చివరి రోజు పొద్దున, కర్రలు పాతి వచ్చి నా పక్కన ఇసుకలో కూలబడింది. ఎవరూ లేరు. తాడుచుట్ట లాగి నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో. కర్ర నాది, తాడు నీది," అంది.

తల ఊపాను.

సముద్రం వైపే చూస్తూ అడిగింది. "ఆ రోజు తాడు పట్టుకుని నిలబడిపోయావు చూడు. ఎన్ని అలలు ఆగావు?"

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుకి కూడా చెప్పలేదు. అత్త అప్పుడు కర్ర ఊపుతూ పరిగెడుతోంది, నన్ను చూసిందని అనుకోలేదు.

"నాలుగు," అన్నాను.

అత్త తల పంకించింది. చీరకొంగుతో మెడ తుడుచుకుంది.

"నేనైతే ఆరు ఆగేదాన్ని," అంది.